చప్పుడు ఎప్పుడు వస్తుందో చూడండి



ఒకప్పుడు మన పల్లెల్లో నాలుగు చక్రాల బండి ఉన్న ఇళ్ళు ఊరికి ఒకటో రెండో ఉండేవి. ఇప్పుడు అలా కాదు. రెండు మూడు చేతులు మారిన బండినైనా సరే కొనుక్కుని, పొలం పనులకూ ఆసుపత్రికీ పెళ్ళిళ్ళకూ వాడుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. 1984లో మారుతి వ్యాన్ అనే పేరుతో వచ్చిన ఓమ్ని బండి తయారీ 2019లో ఆగిపోయింది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది. తయారీ ఆగినా అలాంటి బండ్లు మన ఊళ్ళలో ఇంకా తిరుగుతున్నాయి, ఇంకొన్నేళ్ళు తిరుగుతాయి కూడా. వాటితో బతికేవాళ్ళకు ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. నిన్నటిదాకా లేని చప్పుడు ఈరోజు వస్తే, అది వంద రూపాయల గ్రీజుతో పోతుందా, పంట డబ్బు మొత్తం మింగుతుందా అని.

ఈ భయాలన్నిటిలోకీ క్లచ్ భయం పెద్దది. ఎందుకంటే క్లచ్ కంటికి కనబడదు. టైరు అరిగితే చూడవచ్చు, రేడియేటరు కారితే చూడవచ్చు. క్లచ్ మాత్రం ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ మూతపెట్టిన గిన్నెలో కూర ఉన్నట్టు ఉంటుంది. దాన్ని చూడాలంటే గేర్‌బాక్సు దించాలి. దించితే కూలి పడుతుంది, బండి రెండు రోజులు షెడ్డులో ఉంటుంది. గనుక దించకముందే లోపల ఏమైందో చెవితో తెలుసుకోగలిగితే అది చాలా మేలు. మేము నేర్చుకున్నది మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము మార్కాపురం వైపు పల్లెలో ఉండే భార్యాభర్తలం. 2012లో ఒక పాత ఓమ్ని కొన్నాం. మాలో ఒకరం నడుపుతాం, ఒకరం పక్క సీట్లో కూర్చుంటాం. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది గనుక పక్కన కూర్చున్నవారికి కూడా ప్రతి చప్పుడూ కాళ్ళ కిందనుంచే వినబడుతుంది. నడిపేవారి చూపు దారి మీద ఉంటుంది, పక్కనున్నవారి చెవికి తీరిక ఉంటుంది. మా బండిలో వచ్చిన తేడాలను చాలాసార్లు ముందు పసిగట్టింది పక్క సీటే.

ఇక ఆ పెట్టెలో ఏముందో చెప్తాం. ఇది తెలియకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు.

ఇంజను వెనుక చివర ఫ్లైవీలు అనే బరువైన ఇనుప చక్రం ఉంటుంది. ఇంజను ఆడినంతసేపూ అది తిరుగుతూనే ఉంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేటు ఉంటుంది. గేర్‌బాక్సు నుండి ముందుకు వచ్చిన షాఫ్టు మీద ఈ ప్లేటు కూర్చుంటుంది. ప్లేటును ఫ్లైవీలుకేసి గట్టిగా అదిమి పట్టేది ప్రెజర్ ప్లేటు. రెండు అరచేతుల మధ్య రూపాయి బిళ్ళను అదిమి పట్టుకుని చేతులు తిప్పితే బిళ్ళ కూడా తిరుగుతుంది కదా. పట్టు వదులు చేస్తే చేతులు తిరుగుతాయి గానీ బిళ్ళ వాటితో తిరగదు. క్లచ్ పని అంతే.

పట్టు వదులు చేయడానికే మనం పెడల్ తొక్కుతాం. పెడల్ ఒక కేబుల్‌ను లాగుతుంది. కేబుల్ ఒక ఫోర్కును కదుపుతుంది. ఫోర్కు రిలీజ్ బేరింగును ముందుకు నెడుతుంది. ఆ బేరింగు ప్రెజర్ ప్లేటు నడుమ ఉన్న స్ప్రింగు వేళ్ళను నొక్కుతుంది. అప్పుడు ప్లేటు మీద పట్టు పోతుంది. కొన్ని జీపుల్లోనూ ఈమధ్య వచ్చిన చాలా కార్లలోనూ కేబుల్‌కు బదులు బ్రేకు ఆయిలు లాంటి ద్రవం ఈ పని చేస్తుంది. మిగతాదంతా ఇంచుమించు ఒకటే.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. పెడల్ పైన ఉన్నప్పుడు కొన్ని భాగాలు తిరుగుతాయి, తొక్కినప్పుడు వేరే భాగాలు పని చేస్తాయి. బండి న్యూట్రల్‌లో ఉండి, ఇంజను ఆడుతూ, పెడల్ మీద కాలు లేకపోతే ప్లేటూ గేర్‌బాక్సు ముందు షాఫ్టూ తిరుగుతుంటాయి. మా బండిలాంటి కేబుల్ బండ్లలో రిలీజ్ బేరింగు అప్పుడు ఖాళీగా ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కితే రిలీజ్ బేరింగు మీద బరువు పడి అది తిరుగుతుంది. బండి ఆగి ఉంది గనుక ప్లేటూ ఆ షాఫ్టూ నెమ్మదించి ఆగిపోతాయి. కాబట్టి చప్పుడు ఎలా ఉంది అన్న ప్రశ్న కంటే, ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అన్న ప్రశ్నే మనకు దారి చూపిస్తుంది. గరగర అని ఒకరంటారు, జుయ్యిమని ఇంకొకరంటారు, ఒకే చప్పుడును నలుగురు నాలుగు రకాలుగా చెప్తారు. కాలు ఎక్కడున్నప్పుడు వచ్చిందో మాత్రం అందరూ ఒకేలా చెప్పగలరు.

మా ఓమ్నికి వచ్చిన కష్టం ఇది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. మేము ఆయన్ని పెదనాన్న అని పిలుస్తాం. ఆయనకు మూత్రపిండాలు పనిచేయక వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, డయాలిసిస్ చేయించాలి. ఊరి నుండి ఆసుపత్రికి ముప్పై కిలోమీటర్ల పైనే. మంచం మీద నాలుగు గంటలు రక్తం శుభ్రం చేయించుకుని లేచిన మనిషికి బస్సులో నిలబడే ఓపిక ఉండదు. డయాలిసిస్ ఒకటి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం వస్తుంది, ప్రాణం మీదికే రావచ్చు. అందుకని మా బండిలో తీసుకువెళ్ళి తీసుకువస్తున్నాం.

ఒక శనివారం సంతకు వెళ్ళి వస్తుంటే పక్క సీటు కింద కొత్త చప్పుడు వినబడింది. బజారులో జనం మధ్య మెల్లగా పోతున్నప్పుడు ఎక్కువగా, ఊరి బయట రోడ్డు మీదికి వచ్చాక అసలు లేకుండా, గేరు మార్చినప్పుడల్లా ఒకసారి 'గర్ర్' అని. సోమవారం పొద్దున షెడ్డుకు తీసుకువెళ్ళాం. మెకానిక్ తమ్ముడు బండెక్కి ఒక చుట్టు తిప్పి వచ్చాడు. "గేరు మార్చినప్పుడల్లా వస్తోందన్నా. గేర్‌బాక్సు పోయినట్టుంది. దించి విప్పాలి. 18,000 దాకా అవుద్ది, నాలుగు రోజులు పడుతుంది" అన్నాడు.

18,000 మాకు చిన్న మొత్తం కాదు. అంతకంటే ముఖ్యం, తెల్లవారితే మంగళవారం. సంగతి తెలిసి పెదనాన్న ఫోను చేసి, "మీరేం దిగులు పడబాకండి నాయనా, నేను బస్సెక్కి పోతాలే" అన్నారు. ఆయన ఎలా పోగలరో మాకు తెలుసు.

అప్పుడు మేము మెకానిక్ తమ్ముణ్ణి ఒక్క పావుగంట అడిగాం. బండిని షెడ్డు బయట చదునైన చోట నిలబెట్టాం. చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టాం, హ్యాండ్‌బ్రేకు లాగాం. పిల్లల్ని దూరంగా పంపాం. మూసిన షెడ్డులో ఇంజను ఆడించి ఇలాంటి పరీక్షలు చేయకూడదు. పొగలో ఉండే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, మనిషిని తెలియకుండానే పడేస్తుంది. ఆ తర్వాత మా అమ్మాయి చిన్నప్పటి మార్కాపురం పలక ఒకటి బండిలోనే ఉంటే దాని మీద గీతలు గీసి, ఒకరం పెడల్ తొక్కుతూ ఒకరం రాస్తూ వరుసగా చూశాం.

మొదటిది, ఇంజను ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి వదిలాం. కీచుమనే చప్పుడేమీ లేదు. ఇక్కడే చప్పుడు వస్తే అది తిరిగే భాగాలది కాదు. పెడల్ ఇరుసుదో, కేబుల్‌దో, ఫోర్కు ఆనే చోటుదో అయి ఉంటుంది. గ్రీజుతోనో, కొత్త కేబుల్‌తోనో తీరిపోయే పని అది.

రెండవది, ఇంజను ఆడుతూ, గేరు న్యూట్రల్‌లో, కాలు పెడల్‌కు దూరంగా. చప్పుడు లేదు. ఇక్కడ గరగర ఉండి, పెడల్ పూర్తిగా తొక్కగానే పోతే, గేర్‌బాక్సు ముందు షాఫ్టు బేరింగును అనుమానించాలి. పెడల్ తొక్కితే ఆ షాఫ్టు ఆగుతుంది గనుక చప్పుడూ ఆగుతుంది. గేర్‌బాక్సులో ఆయిలు తగ్గినా ఇలాంటి చప్పుడే రావచ్చు, గనుక ముందు ఆయిలు చూసుకోవాలి. కొన్ని బండ్లలో న్యూట్రల్‌లో సన్నగా గలగలమనడం కొత్తప్పటినుంచీ ఉంటుంది. అది జబ్బు కాదు. కొత్తగా వచ్చినదీ రోజురోజుకూ పెరిగేదీ అయితేనే జబ్బు.

మూడవది, గేరు రాడ్డును తాకకుండా, న్యూట్రల్‌లోనే ఉంచి, పెడల్‌ను మెల్లగా కిందికి తొక్కాం. అంగుళం దిగిందో లేదో గర్రుమంది. ఇంకా తొక్కితే ఇంకా పెరిగింది. వదిలితే పోయింది. మళ్ళీ తొక్కాం, మళ్ళీ వచ్చింది. పదిసార్లు చేస్తే పదిసార్లూ అంతే.

విషయం అక్కడే తేలింది. గేరు మార్చినప్పుడల్లా చప్పుడు వస్తోందన్నది నిజమే. కానీ గేరు మార్చినప్పుడల్లా మనం పెడల్ కూడా తొక్కుతాం కదా. గేరు మార్చకుండా ఒట్టి పెడల్ తొక్కినా వస్తోందంటే, ఆ చప్పుడు గేర్లది కాదు. బజారులో ఎక్కువ వినబడింది కూడా అందుకే. జనంలో అడుగడుక్కీ క్లచ్ తొక్కాలి. ఖాళీ రోడ్డు మీద పైగేరులో పోతుంటే కాలు పెడల్ మీద ఉండదు. తొక్కినప్పుడు మాత్రమే బరువు మోసే భాగం రిలీజ్ బేరింగు ఒక్కటే.

మెకానిక్ తమ్ముడు గుంతలోకి దిగి, పొడుగు స్క్రూడ్రైవరు మొన క్లచ్ గూటికి ఆనించి, పిడి చెవికి ఆనించి, "తొక్కక్కా... వదులు... మళ్ళీ తొక్కు" అంటూ విన్నాడు. తిరిగే భాగాలకు బట్టలు తగలకుండా అలవాటున్నవారే చేయవలసిన పని ఇది. పైకి వచ్చి, "నిజమే అక్కా, గేర్‌బాక్సు కాదు. బేరింగే" అన్నాడు. అతనిది మంచి చెయ్యి. తిరుగుతున్న బండిలో విని చెప్పడం వేరు, నిలబెట్టి ఒక్కొక్కటే విడదీసి వినడం వేరు.

నాలుగవ పరీక్ష కూడా చేశాం. పెడల్ పూర్తిగా తొక్కి, మొదటి గేరు వేసి అలాగే పట్టుకోవడం. కొన్ని బండ్లలో గేర్‌బాక్సు షాఫ్టు మొన ఫ్లైవీలు మధ్యలో పైలట్ బేరింగు అనే చిన్న బేరింగులో కూర్చుని ఉంటుంది. గేరులో పెడల్ తొక్కి ఉన్నప్పుడు షాఫ్టు కదలదు, ఫ్లైవీలు తిరుగుతుంది, గనుక ఆ చిన్న బేరింగు చెడిపోయి ఉంటే అప్పుడే కూస్తుంది. న్యూట్రల్‌లో పెడల్ తొక్కినప్పుడు వచ్చిన చప్పుడే మాకు ఇక్కడా వచ్చింది, కొత్తగా ఇంకేమీ చేరలేదు.

ఇక ఐదవది, ఆరోజు మాకు అన్నిటికంటే అవసరమైనది. రేపు ఈ బండి పెదనాన్నను తీసుకుని ముప్పై కిలోమీటర్లు పోయి రాగలదా? దానికోసం క్లచ్ జారుతోందా అని చూశాం. రాళ్ళు పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, కాలితో బ్రేకు కూడా తొక్కి, పైగేరు వేసి, పెడల్‌ను మెల్లగా వదిలితే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి. ఆగితే ప్లేటుకు పట్టు ఉన్నట్టు. ఆగకుండా అలాగే ఆడుతుంటే ప్లేటు జారుతున్నట్టు. మాది వెంటనే ఆగింది. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, మళ్ళీ మళ్ళీ చేస్తే మంచి ప్లేటు కూడా వేడెక్కి కాలుతుంది. గేర్లు గొణగకుండా పడుతున్నాయి. పెడల్ గట్టిపడలేదు, నేలకు జారిపోవడమూ లేదు. కేబుల్ నూలుపోగులు తెగలేదు.

మెకానిక్ తమ్ముడు కూడా ఇవన్నీ చూసి, "రేపొక్కరోజు జాగ్రత్తగా పోయి రండి. బుధవారం పొద్దున్నే తెచ్చేయండి. ఎక్కువ రోజులు తిప్పితే బేరింగు విరిగి స్ప్రింగు వేళ్ళను కూడా తినేస్తుంది. అప్పుడు గేరే పడదు" అన్నాడు. అతని మాట ప్రకారమే చేశాం. అయినా ప్రాణంతో ముడిపడిన ప్రయాణం గనుక, పక్క ఊరి ఆటో సహోదరుణ్ణి ఫోను దగ్గర పెట్టుకుని ఉండమని చెప్పి బయలుదేరాం. దారిలో రైల్వే గేటు దగ్గర న్యూట్రల్‌లో వేసి కాలు తీసేశాం. అవసరమైతే తప్ప గేరు మార్చలేదు. పెదనాన్న వేళకు ఆసుపత్రికి చేరారు, సాయంత్రం ఇంటికి వచ్చి గంజి తాగి పడుకున్నారు.

బుధవారం గేర్‌బాక్సు దించారు. రిలీజ్ బేరింగును చేతిలో తిప్పి చూస్తే లోపల ఇసుక పోసినట్టు గరగరలాడింది. గ్రీజు ఎండిపోయింది. గేర్‌బాక్సు షాఫ్టును చేత్తో పట్టుకుని ఊపి చూశాం, ఆట లేదు, మెత్తగా తిరిగింది. పైలట్ బేరింగులో వేలు పెట్టి తిప్పితే అదీ బాగుంది. క్లచ్ ప్లేటు మాత్రం రివెట్ల దగ్గరిదాకా అరిగి ఉంది. ఇంకొన్ని నెలలు వచ్చేదేమో. కానీ మళ్ళీ దించడానికి మళ్ళీ అదే కూలి. గనుక బేరింగుతోపాటు ప్లేటూ ప్రెజర్ ప్లేటూ కూడా కొత్తవి వేయించాం. అన్నీ కలిపి 5,400 అయింది. గురువారం సాయంత్రానికి బండి ఇంటికి వచ్చింది. శుక్రవారం ప్రయాణం ఆగలేదు.

గమనించండి, బేరింగు ఒక్కటే చెడినా సెట్టు మొత్తం మార్చాం. చెవితో కనిపెట్టడం వల్ల ఎప్పుడూ తక్కువ ఖర్చుతో పోతుందని మేము చెప్పడం లేదు. చెడని గేర్‌బాక్సును విప్పే పని తప్పింది. మంగళవారం బండి పోవచ్చా అన్న ప్రశ్నకు ధైర్యంగా జవాబు దొరికింది. మాకు అది డబ్బు కంటే ఎక్కువ.

మా బండికి రాకపోయినా మీ బండికి రాగల చప్పుళ్ళు మరికొన్ని ఉన్నాయి.

పెడల్ వదులుతూ బండి కదిలే క్షణంలో వణుకుతో కూడిన దడదడ వస్తే, ప్లేటు మీద ఆయిలు పడి ఉండవచ్చు, ప్లేటు కాలి నునుపెక్కి ఉండవచ్చు, లేక ఇంజను కింద ఉండే రబ్బరు మౌంటింగులు తెగి ఉండవచ్చు. మౌంటింగులను గేర్‌బాక్సు దించకుండానే చూడవచ్చు గనుక ముందు అవే చూడమనండి. ఆయిలు కారుతున్న సీలును మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే కొన్నాళ్ళకు అదీ పాడవుతుంది.

పెడల్ వదిలేటప్పుడు ఇనుప ముక్కలు గలగలలాడినట్టుంటే ప్లేటు మధ్యలో ఉండే చిన్న స్ప్రింగులు వదులైనాయో విరిగినాయో చూడాలి. ఇది వాయిదా వేయదగింది కాదు. విరిగిన ముక్క ఎక్కడైనా ఇరుక్కోవచ్చు.

పెడల్ పూర్తిగా తొక్కినా గేరు వేస్తే పళ్ళు కొరికినట్టు చప్పుడైతే, ముఖ్యంగా రివర్సు వేసేటప్పుడు, క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అర్థం. కేబుల్ సాగి ఉండవచ్చు. సరిచేస్తే చాలాసార్లు అంతటితో పోతుంది. ద్రవంతో పనిచేసే బండ్లలో డబ్బాలో మట్టం తగ్గిందేమో, ఎక్కడైనా కారుతోందేమో చూడాలి.

కేబుల్ లేని చాలా కార్లలో రిలీజ్ బేరింగు ఎప్పుడూ స్ప్రింగు వేళ్ళను తాకుతూనే ఉంటుంది. వాటిలో బేరింగు చెడితే కాలు తీసేసినా చప్పుడు రావచ్చు, గేర్‌బాక్సు బేరింగని పొరపడవచ్చు. అప్పుడు పెడల్‌ను కొద్దిగా మాత్రమే, వేలితో అదిమినంత తేలికగా, తాకి చూడండి. ప్లేటు ఇంకా విడిపోకముందే చప్పుడు మారినా ఆగినా అది రిలీజ్ బేరింగు. ప్లేటు పూర్తిగా విడిపోయాకే ఆగితే గేర్‌బాక్సు వైపు చూడాలి.

ఇక పెడల్ తొక్కినా వదిలినా మారకుండా, ఇంజను వేగంతో మాత్రమే హెచ్చుతగ్గులయ్యే చప్పుడు క్లచ్‌ది కాదు. ఫ్యాను బెల్టో, డైనమో బేరింగో, సైలెన్సరు పట్టీయో చూడండి. ఇంజను వేగంతో పనిలేకుండా బండి వేగంతో మాత్రమే పెరిగే చప్పుడు చక్రాల బేరింగులదో, వెనుకకు పోయే ప్రొపెల్లరు షాఫ్టుదో అయి ఉంటుంది. క్లచ్ అని చెప్పి గేర్‌బాక్సు దింపించాక కూడా చప్పుడు అలాగే ఉందని బాధపడేవారిని మేము చూశాం.

చప్పుడు లేకుండా వచ్చే జబ్బు కూడా ఒకటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు రేసు ఇస్తే ఇంజను గొంతు పెరుగుతుంది గానీ బండి వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది. అది ప్లేటు జారడం. దోర్నాల నుండి శ్రీశైలం ఘాటు ఎక్కేవారు ఈ గుర్తు కనబడితే అక్కడికే ఆగి వెనక్కు రావడం మంచిది. ఘాటు మధ్యలో నిండు బండితో నిలిచిపోవడం ప్రమాదం.

కొన్ని అలవాట్లు క్లచ్ ఆయుష్షు పెంచుతాయి. నడిపేటప్పుడు ఎడమ కాలిని పెడల్ మీద ఆనించి ఉంచకూడదు, బేరింగు ఊరికే అరుగుతుంది. గేటు దగ్గర, సిగ్నలు దగ్గర న్యూట్రల్‌లో వేసి కాలు తీసేయాలి. ఎత్తులో బండిని హాఫ్ క్లచ్ మీద నిలబెట్టకుండా హ్యాండ్‌బ్రేకు మీద నిలబెట్టాలి. కేబుల్ బండ్లలో పెడల్‌కు పైన కొంచెం ఖాళీ ఆట ఉండాలి. ఎంత ఉండాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. ఆట అసలు లేకపోతే బేరింగు ఎప్పుడూ నలుగుతుంది, ప్లేటూ జారవచ్చు. ఆట మరీ ఎక్కువైతే గేర్లు కొరుకుతాయి. ప్లేటు అరిగేకొద్దీ ఈ ఆట తగ్గుతూ వస్తుంది గనుక నూనె మార్పించిన ప్రతిసారీ చూపించడం మంచిది.

షెడ్డులో క్లచ్ విప్పినప్పుడు నల్లటి పొడి రాలుతుంది. దాన్ని నోటితో ఊదకండి, గాలి పైపుతో కొట్టనివ్వకండి. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేసే హాని ఎన్నో ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. పనిచేసే కుర్రవాళ్ళకు కూడా ఈ మాట చెప్పండి, వారికి చెప్పేవారు ఉండరు.

చివరిగా, మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు 'క్లచ్ పోయింది, మార్చు' అనకండి. 'గేర్‌బాక్సు చూడు' అని కూడా అనకండి. జబ్బు పేరు మనం చెప్తే ఆయన ఆ పేరు పట్టుకునే వెతుకుతాడు. 'న్యూట్రల్‌లో పెడల్ తొక్కితే వస్తోంది, వదిలితే పోతోంది, శనివారం నుంచి' అని చెప్పండి. పరగడుపున నొప్పి వస్తోందా, తిన్న తర్వాత వస్తోందా అని డాక్టరు అడిగితే మనం ఎలా చెప్తామో అలాగే. అప్పుడు మంచి మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. విప్పిన పాత సామాన్లు చూపించమని మర్యాదగా అడగండి, చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. నిజాయితీగల పనివాడు సంతోషంగా చూపిస్తాడు. మీ ఇంట్లో బండి నడపనివారు, ఆడవాళ్ళైనా పిల్లలైనా, ఏదో చప్పుడు వస్తోందంటే వారి మాట కొట్టిపారేయకుండా, కాలు ఎక్కడున్నప్పుడు వస్తోందో చూసి రాసిపెట్టండి. ఆ ఒక్క వాక్యం బండిలో ఉంటే, షెడ్డు దాకా వెళ్ళేసరికి తేదీ, చప్పుడు, పెడల్ మూడూ మరిచిపోకుండా చెప్పగలుగుతారు.